ఒక్క గుంటకు మూడు లెక్కలు

1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో, కళ్లంలో పోసిన ధాన్యపు రాశిని కొలిచే లెక్క ఒకటి ఉంది. రాశి చుట్టుకొలతను ఆరుతో భాగించాలి. వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, మళ్లీ రాశి ఎత్తుతో హెచ్చవేస్తే అందులో ఎన్ని ఘనమూరల గింజ ఉందో తేలుతుంది. ఎత్తు తెలుసుకోవడానికి రాశి నడిమధ్యన కర్ర దించనక్కర్లేదు. లావు గింజలైతే చుట్టుకొలతలో పదో వంతు, సన్న గింజలైతే పదకొండో వంతు, వడ్లలా ముల్లున్నవైతే తొమ్మిదో వంతు ఎత్తు నిలుస్తుందని ఆయనే చెప్పి పెట్టాడు. చుట్టుకొలత 60 మూరలున్న లావు గింజల రాశి ఆరు మూరల ఎత్తుంటుంది, 600 ఘనమూరలు వస్తుంది. అదే చుట్టుకొలతకు సన్న గింజలు 545 చిల్లర, ముల్లు గింజలు 666 చిల్లర. ఈ మూడు భిన్నాల నుంచి రాశి వాలు నేలతో చేసే కోణాన్ని లెక్కగడితే సన్న గింజలకు 30 డిగ్రీలకు కాస్త తక్కువ, లావు గింజలకు 32, ముల్లు గింజలకు 35 వస్తుంది. నున్నటి చిన్న గింజ జారిపోతుంది కాబట్టి రాశి వెడల్పుగా పరుచుకుంటుంది. ముల్లున్న గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని రాశిని నిలబెడతాయి. ధాన్యపు గోదాములు కట్టే ఇంజనీర్లు ఇవాళ్టికీ ఒక్కో గింజకు ఈ కోణాన్ని విడివిడిగా కొలిచి పట్టికలు రాసుకుంటారు. కళ్లాలను ఏళ్ల తరబడి చూసిన కళ్లకు తప్ప ఈ తేడా అందదు.

ఈ సూత్రాన్ని ఇప్పటి బడి భాషలోకి మార్చి చూస్తే ఒక చిక్కు బయటపడుతుంది. శంకువు ఘనపరిమాణం పాదవైశాల్యాన్ని ఎత్తుతో గుణించి మూడో వంతు తీసుకుంటే వస్తుంది. దాన్ని చుట్టుకొలతల్లోకి మారిస్తే, పై (π) విలువ సరిగ్గా 3 అనుకున్నప్పుడు మాత్రమే భాస్కరుడి ‘ఆరుతో భాగించి’ అన్న మాట కుదురుతుంది. పై విలువను సరిగా వేస్తే 60 మూరల రాశిలో ఉండేది 600 కాదు, దాదాపు 573 ఘనమూరలు. నూటికి అయిదుకు కాస్త తక్కువగా సూత్రం ఎక్కువ చూపిస్తోంది. భాస్కరుడికి పై విలువ తెలియదా అంటే, అదే పుస్తకంలో క్షేత్ర గణితం దగ్గర 3927ని 1250తో భాగించమని, మోటు లెక్కకైతే 22ను 7తో భాగించమని రాశాడు. మొదటిది 3.1416. అంత సూక్ష్మంగా వృత్తాన్ని కొలవగలిగినవాడు ధాన్యం దగ్గరికి వచ్చేసరికి 3తో సరిపెట్టుకున్నాడంటే అది తెలియక చేసిన పని కాదు. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న వాదం ఇదే. మన దేశంలో ఘనపరిమాణ గణితం కూలి లెక్కల్లో, పంట పంపకంలో, పన్ను వసూలులో పెరిగింది. పాత పుస్తకాల్లో కనిపించే మోటు సూత్రాలను తప్పులుగా చదివితే వాటి చరిత్ర సగం పోతుంది. అవి ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య కుదిరిన ఒప్పందాలు. ఆ ఒప్పందంలో తేడా ఎంత ఉందో పుస్తకం రాసినవాళ్లకు బాగా తెలుసు.

పుస్తకాల అమరికే దీనికి మొదటి సాక్ష్యం. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో గణితానికి ఎనిమిది వ్యవహారాలు చెప్పాడు. వాటిలో నాలుగు గుంట తవ్వకం, ఇటుక పేర్పు, రంపపు కోత, ధాన్యపు రాశి. శంకువు, స్థూపం, పట్టకం అని ఆకారాల పేరుతో అధ్యాయాలు లేవు. పనుల పేరుతో ఉన్నాయి. ఇటుకల లెక్క ఎంత సూటిగా ఉంటుందో లీలావతిలోనే చూడవచ్చు. ఇటుక 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం. పేర్పు ఎనిమిది మూరల పొడవు, అయిదు మూరల వెడల్పు, మూడు మూరల ఎత్తు. మూరకు 24 అంగుళాలు (వేలి వెడల్పులు) కాబట్టి 24 వరసలు, 2560 ఇటుకలు. అడిగిన ప్రశ్న పేర్పు ఘనపరిమాణంతో ఆగిపోదు. ఎన్ని ఇటుకలు పడతాయి, ఎన్ని వరసలు వస్తాయి అన్నదాకా వెళ్తుంది. కొలత అన్నది ఎవరికో లెక్క అప్పజెప్పడానికి చేస్తున్నదని ఆ ప్రశ్నలోనే తెలిసిపోతుంది.

అసలు సంగతి గుంట దగ్గర ఉంది. చెరువు గానీ దిగుడుబావి గానీ తవ్వేటప్పుడు పక్కలు నిటారుగా దించితే మట్టి విరుచుకు పడుతుంది. అందుకని పై నోరు వెడల్పుగా, అడుగు ఇరుకుగా, పక్కలు వాలుగా తవ్వుతారు. ఇలాంటి గుంట ఘనపరిమాణానికి బ్రహ్మగుప్తుడు ఒక్క జవాబు ఇవ్వలేదు, మూడు ఇచ్చాడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడూ ఆ మూడింటినీ నిలిపి, మొదటిదాన్ని కర్మాంతికమని, రెండోదాన్ని ఔండ్రమని, మూడోదాన్ని సూక్ష్మమని పిలిచాడు. పైన 20 మూరల చదరం, అడుగున 10 మూరల చదరం, లోతు ఆరు మూరలు ఉన్న గుంటను తీసుకుందాం. మొదటి లెక్కలో పై కొలతకూ అడుగు కొలతకూ సగటు తీస్తారు. 15 మూరలు వస్తుంది. 15ను 15తో, ఆపైన ఆరుతో గుణిస్తే 1350. రెండో లెక్కలో కొలతలకు కాక వైశాల్యాలకు సగటు తీస్తారు. పైన 400, అడుగున 100, సగటు 250, దాన్ని ఆరుతో గుణిస్తే 1500. మూడో లెక్కలో ఈ రెండింటి తేడా 150లో మూడో వంతు, అంటే 50ని, మొదటిదానికి కలుపుతారు. 1400 వస్తుంది. గుంట అసలు ఘనపరిమాణం అక్షరాలా అంతే. ఏ కొలతలు వేసినా, గుంట చదరమైనా దీర్ఘచతురస్రమైనా, ఈ మూడో లెక్క తప్పదని బీజగణితంతో రెండు వరుసల్లో చూపించవచ్చు.

సరైన జవాబు చేతిలో ఉండగా మిగిలిన రెండింటినీ పక్కపక్కనే ఎందుకు నిలబెట్టారు? మూడో లెక్క ఆ రెండింటి మీదే నిలబడి ఉంది కాబట్టి అని ఒకరు అనవచ్చు. చేసే పద్ధతికి అవి మెట్లు మాత్రమే, వాటికి విడిగా విలువ లేదని వాళ్ల వాదం. అది ఒప్పుకోవడానికి వీల్లేదు. మెట్లకు ఎవరూ విడిగా పేర్లు పెట్టి, ఇది ఒక ఫలం, ఇది ఇంకొక ఫలం అని చెప్పరు. పనివాళ్ల లెక్క అని అర్థమొచ్చే పేరు మొదటిదానికి ఉండటమే ఆ లెక్క అప్పటికే వాడుకలో ఉందనడానికి గుర్తు. కూలి కోణం నుంచి చూస్తే ఇది మరింత తేటపడుతుంది. మొదటి లెక్క ఎప్పుడూ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, రెండోది ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. తవ్విన మట్టిని బట్టి కూలి ఇచ్చేచోట మొదటిది డబ్బు ఇచ్చేవాడికి మేలు, రెండోది తట్ట మోసేవాడికి మేలు. పై గుంటలో ఆ రెండింటి మధ్య తేడా 150 ఘనమూరలు, తవ్విన మొత్తంలో తొమ్మిదో వంతు కన్నా కాస్త తక్కువ. రెంటికీ నడిమధ్యన కాకుండా, తక్కువ జవాబుకు దగ్గరగా, మూడో వంతు దూరంలో న్యాయం ఉందని గణితం తేల్చింది. ఇద్దరి మధ్య తగవు పడితే చెరి సగం చేసుకోమనడం ఊరి పెద్దలకు అలవాటు. ఇక్కడ చెరి సగం చేస్తే 1425 వస్తుంది, అదీ తప్పే. సూక్ష్మ గణితం పుట్టడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనిపించదు.

ఇప్పుడు ఏ సివిల్ ఇంజనీరింగ్ పుస్తకమైనా తెరిచి మట్టి పనుల అధ్యాయం చూస్తే మూడు పద్ధతులు ఉంటాయి: మధ్య కోత వైశాల్యంతో చేసేది, రెండు చివర్ల వైశాల్యాల సగటుతో చేసేది, ప్రిస్మాయిడల్ సూత్రంతో చేసేది. మొదటిది కర్మాంతికమే, రెండోది ఔండ్రమే. మూడో సూత్రంలో రెండు చివర్ల వైశాల్యాలకు మధ్య వైశాల్యాన్ని నాలుగింతలు చేసి కలిపి, లోతుతో గుణించి, ఆరుతో భాగిస్తారు. అది బ్రహ్మగుప్తుడి మూడో లెక్కను వేరే వరుసలో రాయడమే. ఆయన పుస్తకం చూసి ఇంజనీర్లు దీన్ని నేర్చుకున్నారని నేననడం లేదు. వాలు పక్కల గుంటను కొలిచి కూలి ఇవ్వాల్సి వచ్చిన ఏ సమాజమైనా ఈ మూడు లెక్కల దగ్గరికే చేరుతుంది. తప్పని తెలిసిన రెండు పద్ధతులు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఎందుకు బతికున్నాయంటే, కాలువ వెంట వందల కోతలు తీసి లెక్క వేసేటప్పుడు తొందరగా తేలుతాయి, అందరూ ముందే ఒప్పుకుని సంతకం చేసి ఉంటారు కాబట్టి.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఆర్యభటుడి వైపు నుంచి వస్తుంది. 499లో ఆయన గణితపాదంలో పిరమిడ్ లాంటి ఘనానికి పాదవైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం తీసుకోమన్నాడు. తీసుకోవలసింది మూడో వంతు. గోళానికైతే మధ్య వృత్తపు వైశాల్యాన్ని దాని వర్గమూలంతో గుణించమన్నాడు, పైగా ఆ ఫలం నిరవశేషమని, అంటే మిగులూ తగులూ లేనిదని కూడా అన్నాడు. అది అసలుకన్నా దాదాపు మూడో వంతు ఎక్కువ. దీన్ని ఒప్పందం అనలేం. తప్పును తప్పనే అనాలి. కానీ ఆ తప్పు ఎక్కడ పడింది, ఎంతకాలం నిలిచింది అన్నది చూడాలి. కళ్లంలో రోజూ కనిపించే శంకువు లెక్క బ్రహ్మగుప్తుడి నాటికే, 129 ఏళ్లలో, మూడో వంతుకు చక్కబడింది. గోళం మాత్రం మహావీరుడి నాటికీ కుదరలేదు. ఆయన సూక్ష్మమని చెప్పిన లెక్క కూడా అసలుకన్నా నూటికి మూడు పైచిలుకు తక్కువ. సరైన సూత్రం 1150లో భాస్కరుడి దగ్గర గానీ దొరకదు. ఊరిలో ఎవరూ గోళాన్ని కొలిచి పన్ను కట్టలేదు, గోళాన్ని తవ్వి కూలి అడగలేదు. నిలదీసేవాడు లేనిచోట తప్పు ఆరున్నర శతాబ్దాలు నిలిచింది.

భాస్కరుడు గోళాన్ని ఎలా సాధించాడు అన్న ప్రశ్న దగ్గర మాత్రం నా వాదానికి ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. సిద్ధాంతశిరోమణి గోళాధ్యాయంలో ఆయన గోళాన్ని కేంద్రం దగ్గర మొనలు కలిసే సన్నని సూదుల్లాంటి పిరమిడ్లుగా ఊహించాడు. ఒక్కోదాని ఘనపరిమాణం పాదంలో మూడో వంతును వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది కాబట్టి, అన్నీ కలిపితే గోళపు పై తలాన్ని వ్యాసంతో గుణించి ఆరుతో భాగించినట్టు. పై తలం మధ్య వృత్తానికి నాలుగింతలని కూడా ఆయన చెప్పాడు, ఆ తలాన్ని తప్పుగా కట్టిన పాత జ్యోతిష్కుడు లల్లుణ్ణి విమర్శించాడు. ఈ ఆలోచన భూగోళాన్నీ ఖగోళాన్నీ లెక్కగట్టే జ్యోతిషం నుంచి వచ్చింది. దీనికి కళ్లంతో పని లేదు. మన గణితానికి రెండు ఊటలున్నాయి: ఒకటి ఆకాశం, ఒకటి నేల. నేల ఊటను చిన్నచూపు చూసి, మోటు లెక్కల పుట్టగా తీసిపారేయడమే నాకు అభ్యంతరం.

ఈజిప్టువాళ్లు ఇదంతా అంతకుముందే చేయలేదా అని ఇంకొకరు అడుగుతారు. చేశారు. క్రీస్తుపూర్వం 1850 ప్రాంతపు మాస్కో పపైరస్‌లో 14వ లెక్క, తల కోసిన పిరమిడ్‌ది. అడుగున 4, పైన 2, ఎత్తు 6 అయితే 56 అని సరిగ్గా చెప్పారు. ఆర్కిమెడిస్ క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే గోళం, దాన్ని సరిగ్గా చుట్టి ఉండే స్థూపంలో మూడింట రెండు వంతులని నిరూపించాడు. ఎవరు ముందు అన్న పోటీలో మనవాళ్లకు దక్కేదేమీ లేదు, ఆ పోటీతో నాకు పనీ లేదు. సరైన లెక్కనూ, వాడుకలోని లెక్కనూ, రెండింటి మధ్య దూరాన్నీ ఒకే శ్లోకాల వరసలో పెట్టి చూపడం బ్రహ్మగుప్తుడి, మహావీరుడి పుస్తకాల విశేషం.

శాస్త్రగ్రంథాల్లో ఉన్నంత మాత్రాన ఊళ్లో జనం వాటిని వాడారా అన్నది ఇంతకన్నా పదునైన ప్రశ్న. ధాన్యం విషయంలో జవాబు చాలావరకు లేదనే. రాశిని పాత్రలతోనే కొలిచేవాళ్లు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, 20 తూములు పుట్టి. అంటే పుట్టిలో 5120 గిద్దలు. చుట్టుకొలత లెక్క అంచనాకు పనికొచ్చేది. సర్కారు నేరుగా పంటలో భాగం తీసుకునే అమాని పద్ధతిలో, భాగం తేలేదాకా రాశి మీద ముద్రలు వేసి కావలి పెట్టేవాళ్లు. అలాంటప్పుడు రాశిలో ఎంతుందో ముందే ఒక లెక్క ఉండటం ఇరుపక్షాలకూ అవసరం. పాత్ర కొలతలోనూ శంకువు తప్పలేదు. కుంచం నిండాక పైన నిలిచే గోపురం లెక్కలోకి వస్తుందా, చేత్తో తీసేసి అంచు సమానంగా కొలవాలా అన్నది పెద్ద తగవు. కౌటిల్యుడి అర్థశాస్త్రం దీన్ని ఊరికే వదల్లేదు. పాత్ర పైన నిలిచే శిఖ మొత్తం కొలతలో నాలుగో వంతు ఉండేలా పాత్ర చేయించాలి, లేదా శిఖ లోపలికే కలిసిపోయేలా చేయించాలి అని తేల్చి చెప్పింది. వెడల్పు నోటి పాత్ర మీద గోపురం పెద్దగా నిలుస్తుంది, ఇరుకు నోటి పాత్ర మీద చిన్నగా నిలుస్తుంది. పట్టేది ఒకటే అయినా నోరు మార్చి రైతును ముంచవచ్చు. భాగం కట్టే రైతు మీదా, అప్పు గింజలు తీర్చే పాలేరు మీదా ఆ గోపురపు బరువు ఎన్ని శతాబ్దాలు పడిందో తలుచుకుంటే, ఘనపరిమాణం పొడి లెక్క అనిపించదు.

చెరువు విషయం వేరు. గుంటను ఏ కుంచంతోనూ కొలవలేం, లెక్క కట్టి తీరాలి. తెలుగు నేలంతా చెరువుల నేల. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు శాసనం 1369 నాటిది. కట్ట పొడవు కొండలతో కలిపి 5000 రేఖాదండాలు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు అని కొలతలు చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని అనీ రాయించారు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఆరు దోషాలను వరుసగా చెప్పారు. ఇన్ని కొలతలు రాతికెక్కించిన చోట మట్టి లెక్క కట్టగలవాళ్లు లేకుండా పని నడవదు. తవ్వే ప్రతి ఒడ్డెవాడికీ ఔండ్రం తెలుసని అనను. లెక్క కట్టే కరణానికి తెలిసి ఉండాలి, తవ్వేవాడికి మోసపోకుండా ఉండేంత అయినా అంది ఉండాలి. పావులూరి మల్లన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తేవడం ఈ అవసరానికి ఇంకో సాక్ష్యం. ఆయన కాలం మీద పండితుల మధ్య వాదం ఉన్నా 11, 12 శతాబ్దాలు దాటదు. తెలుగులో కావ్యాలు అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, క్షేత్ర గణితం, ఖాత గణితం వంటి భాగాలున్న లెక్కల పుస్తకం వచ్చింది. సంస్కృతం చదివిన పండితుడికి అనువాదంతో పని లేదు. తెలుగులో లెక్క రాసుకునేవాళ్ల కోసమే అది పుట్టింది. ఒక భాషలో మొదటి పుస్తకాల జాబితా వేసేటప్పుడు కావ్యాలతోపాటు గుంట కొలిచే పద్యాలనూ తలుచుకోవాలని నా పట్టుదల.

మోటు లెక్క ఒప్పందమన్న మాట పాతకాలానికే చెల్లుతుందనుకుంటే పొరపాటు. కలప డిపోల్లో దుంగను కొలిచేటప్పుడు నడుమున చుట్టుకొలత తీసి, నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించే పద్ధతి ఉంది. 1736లో ఎడ్వర్డ్ హోపస్ అనే ఇంగ్లీషువాడు అచ్చేయించిన పట్టికలతో ఇది బ్రిటిష్ వ్యాపారమంతా పాకింది. గుండ్రటి దుంగలో అసలుండేదానికన్నా ఇది నూటికి ఇరవై ఒకటిన్నర తక్కువ చూపిస్తుంది. ఆ తగ్గింపు చెక్క కోసేటప్పుడు పొట్టుగా, అంచులుగా పోయేదాని కింద కొనేవాడికి వదిలినది. అమ్మేవాడికీ అది తెలుసు, ధర దానికి తగ్గట్టే ఉంటుంది. భాస్కరుడి రాశి లెక్కలో నూటికి అయిదు ఎక్కువైతే, ఇక్కడ నూటికి ఇరవై పైచిలుకు తక్కువ. రెండూ తప్పులే అయితే రెండింటినీ తప్పులనాలి. హోపస్ పద్ధతిని వ్యాపార మర్యాద అని, భాస్కరుడిదాన్ని మోటు గణితం అని అనడం న్యాయం కాదు.

తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చాక, మెట్రిక్ పద్ధతి దేశమంతా అమలైంది. కళ్లం నుంచి ఘనపరిమాణం తప్పుకుంది. ఇప్పుడు వడ్లు 75 కిలోల బస్తాల లెక్కన పోతాయి. నెల్లూరులో పుట్టి మాట ఇంకా వినిపిస్తుంది కానీ దాని అర్థం 850 కిలోలు. పాత్రలో పట్టే కొలత బరువుగా మారిపోయింది. దాంతో కుంచం మీద గోపురం గొడవ తీరింది, తేమ శాతం గొడవ మొదలైంది. మట్టి మాత్రం తూకానికి లొంగలేదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలో కూలి గుంత కొలతల ప్రకారమే కడతారు. టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తాడు. నేల మెత్తనా గట్టిదా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఆ పనుల్లో ఎక్కువగా తవ్వే పంట కుంటలకు పక్కలు వాలుగానే ఉంటాయి. పైన 10 మీటర్లు, అడుగున నాలుగు మీటర్లు, లోతు మూడు మీటర్లు ఉన్న చదరపు కుంటను కొలతల సగటుతో లెక్కిస్తే 147 ఘనమీటర్లు, వైశాల్యాల సగటుతో 174, సూక్ష్మంగా 156. ఒక్క కుంటలో 147కూ 156కూ మధ్య పోయే తొమ్మిది ఘనమీటర్ల మట్టి, ఎండలో గడ్డపార వేసిన మనుషులు తవ్వినదే. ఏ లెక్కతో తమ కొలత రాశారో చూసి అడగగలిగేంత గణితం వాళ్లకు తెలుగులో, వాళ్ల కుంట కొలతలతోనే, అందుబాటులో ఉండాలి.